కార్పెట్ క్లీనింగ్‌లో వాడే ద్రావణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్పెట్ శుభ్రం చేయడానికి మనిషిని పిలిచినప్పుడు చదరపు అడుగుకు ఎంత అని అడగనివారు ఉండరు గానీ, ఏ కెమికల్ వాడతారని అడిగేవారు అరుదు. అడిగినా 'ఇంపోర్టెడ్ షాంపూ అండీ' అన్న మాటతో సంభాషణ ముగుస్తుంది. గృహిణుల నుంచి, హోటళ్ల హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ల నుంచి, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ల నుంచి మళ్లీ మళ్లీ వస్తున్న సందేహాలను పని జరిగే వరుసలో ఇక్కడ కూర్చాము. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## ద్రావణం ఎంచుకునే ముందు

క్లీనింగ్ వాళ్లు వాడేదీ, సూపర్‌మార్కెట్‌లో దొరికే కార్పెట్ షాంపూ ఒకటేనా?

మూలపదార్థాలు చాలావరకు ఒకటే. మురికిని నీటిలోకి లాగే సర్ఫాక్టెంట్లు, నీటి కఠినత్వాన్ని అదుపులో పెట్టే లవణాలు, జిడ్డును కరిగించే సాల్వెంట్లు రెండింటిలోనూ ఉంటాయి. షాపులో కొనే సీసా ఏ ఇంట్లో, ఏ కార్పెట్ మీద, ఎవరు వాడినా నష్టం జరగకూడదన్న లెక్కతో తయారవుతుంది కనుక మెతకగా ఉంటుంది. వృత్తిపనివారు తెచ్చేది గాఢమైన ద్రావణం. దాన్ని నీటితో పలచన చేసి వాడతారు, పైగా ముందు చల్లేది ఒకటి, కడిగేది ఒకటి, మరకలకు మరొకటి అన్నట్టు పనులు విడదీసి ఉంటాయి. అసలు తేడా కడగడంలో ఉంది. ఇంట్లో స్పాంజితో రుద్ది తుడిచినప్పుడు షాంపూలో చాలా భాగం కార్పెట్‌లోనే మిగిలిపోతుంది.

ఇన్ని సీసాలు ఎందుకు తెస్తారు? ఒక్క మంచి లిక్విడ్ చాలదా?

చాలదు, ఎందుకంటే మురికి ఒక్క రకం కాదు. చెప్పుల వెంట వచ్చే జిడ్డు, వంటింటి ఆవిరితో చేరే నూనె పొర క్షారగుణం ఉన్న ద్రావణానికి లొంగుతాయి. టీ, కాఫీ మరకలు ఆమ్లగుణం ఉన్నదానికి లొంగుతాయి. పాలు, రక్తం, గుడ్డు వంటి మాంసకృత్తుల మరకలకు ఎంజైములు కావాలి; తారు, గోళ్లరంగు, చూయింగ్ గమ్ నీటికి కదలవు, వాటికి సాల్వెంట్ కావాలి. రంగు మాత్రమే మిగిలిన మరకలకు హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఆక్సీకరణి గానీ, సోడియం మెటాబైసల్ఫైట్ వంటి క్షయకరణి గానీ వాడతారు. అన్నింటికీ ఒకే లిక్విడ్ చాలునని చెప్పే మనిషి కంటే నాలుగు సీసాలు తెచ్చి ఏది దేనికో చెప్పగలిగిన మనిషిని నమ్మవచ్చు.

సీసా మీద పీహెచ్ అంకె చూసి ఏం అర్థం చేసుకోవాలి?

పీహెచ్ కొలత 0 నుంచి 14 వరకు ఉంటుంది. 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్కో అంకెకు తేడా పది రెట్లు కాబట్టి పీహెచ్ 10 ఉన్న ద్రావణం 7 ఉన్నదానికంటే వెయ్యి రెట్లు క్షారగుణం కలది. నైలాన్ వంటి సింథటిక్ కార్పెట్ల మీద ముందుగా చల్లే ద్రావణాలు సాధారణంగా 9, 10 దగ్గర ఉంటాయి. రెస్టారెంట్ల జిడ్డుకు అంతకంటే ఘాటైనవి వాడతారు. చివర కడగడానికి వాడే ఆమ్ల ద్రావణాలు 3 నుంచి 5 మధ్య ఉంటాయి. సీసా మీది అంకె గాఢ ద్రావణానిదా, నీరు కలిపిన తర్వాతదా అన్నది తప్పక అడగాలి. రెండూ ఒకటి కావు.

మా కార్పెట్ ఊలుదో సింథటిక్‌దో తెలియడం లేదు. ఎలా కనుక్కోవాలి?

మూలలో కనబడని చోట నుంచి ఒక్క పోగు కత్తిరించి, చిమటాతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించి చూడండి. ఊలు అయితే మంట తీసేయగానే ఆరిపోతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్లటి ముద్దను వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. నూలు, చెక్క గుజ్జు నుంచి తీసే విస్కోస్ కాగితం కాలినట్టు కాలి బూడిద మిగులుస్తాయి. నైలాన్, పాలిస్టర్, పాలీప్రొపిలీన్ కరిగి గట్టి పూసలా ముద్దకడతాయి. వీటిలో పాలీప్రొపిలీన్‌ను పట్టుకోవడం తేలిక: పోగును గ్లాసు నీళ్లలో ముంచి వదిలితే తేలుతుంది, నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి. 'ఆర్ట్ సిల్క్', 'బాంబూ సిల్క్' అన్న పేర్లతో అమ్మేవి ఎక్కువగా విస్కోస్ రకానివే. విస్కోస్ తడిస్తే బలహీనపడుతుంది, మెరుపు పోతుంది, పసుపు చారలు తేలుతాయి. దానికి నీటితో శుభ్రం చేసే పద్ధతి ఏదీ పూర్తిగా క్షేమం కాదు.

ఊలు తివాచీకి ఏ ద్రావణం క్షేమం?

ఊలు మాంసకృత్తుతో అయిన పీచు. మన జుట్టుకు ఏది హాని చేస్తుందో దానికీ అదే చేస్తుంది. ఏలూరు తివాచీ అయినా, కాశ్మీరు నుంచి తెచ్చుకున్నది అయినా, భదోహీలో నేసినది అయినా, తటస్థానికి దగ్గరగా, ఉజ్జాయింపుగా పీహెచ్ 5 నుంచి 8 లోపు ఉన్న ద్రావణమే వాడాలి. నీరు గోరువెచ్చగా మించకూడదు. గట్టి బ్రష్షుతో రుద్దకూడదు. బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచు ఊలును తెల్లబరచదు, కరిగిస్తుంది. చిన్న ఊలు పోగును బ్లీచులో వేసి కొన్ని గంటలు వదిలితే పోగు కనబడకుండా పోవడం మీరే చూడవచ్చు. మాంసకృత్తులను జీర్ణం చేసే ప్రొటియేజ్ ఎంజైము ఉన్న లిక్విడ్లూ ఊలు మీద, పట్టు మీద పనికిరావు, అవి మరకనూ పీచునూ వేరుగా చూడవు. బట్టల పొడిలో ఉండే ఆప్టికల్ బ్రైటెనర్లు మొదట తెల్లగా మెరిపించి, ఎండ తగిలేకొద్దీ పసుపు పచ్చగా మారతాయి. 'ఊలుకు సురక్షితం' అని సీసా మీద స్పష్టంగా లేకపోతే ఆ సీసాను పక్కన పెట్టించండి.

ఓరుగల్లు జంపఖానాకు కార్పెట్ షాంపూ వాడవచ్చా?

2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఓరుగల్లు జంపఖానాలు ప్రధానంగా నూలుతో నేసినవి, వాటికి కార్పెట్‌లా నిలువు పీచు ఉండదు. నూలు క్షారాన్ని బాగానే తట్టుకుంటుంది, కానీ అద్దకం రంగు తట్టుకుంటుందన్న హామీ లేదు. వాడబోయే ద్రావణంలో తెల్లగుడ్డ తడిపి ప్రతి రంగు మీదా ఒక నిమిషం గట్టిగా అదిమి చూడాలి. గుడ్డకు రంగు అంటితే తడి పద్ధతి మానుకోవాలి. అంటకపోతే తటస్థ లిక్విడ్‌ను చల్లని నీటిలో పలచగా కలిపి, వీలైనంత తక్కువ తడితో శుభ్రం చేసి, నీడలో పరిచి ఆరబెట్టాలి. తాడు మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగి వంకరపోతుంది.

'గ్రీన్', 'ఆర్గానిక్', 'నాన్ టాక్సిక్' అన్న లేబుళ్లను నమ్మవచ్చా?

లేబుల్ కంటే సేఫ్టీ డేటా షీట్‌ను నమ్మడం మేలు. పేరున్న తయారీదారు ఎవరైనా 16 భాగాలున్న ఈ పత్రాన్ని ఇస్తారు; రెండో భాగంలో ప్రమాదాలు, మూడో భాగంలో పదార్థాలు, తొమ్మిదో భాగంలో పీహెచ్ ఉంటాయి. సహజమైనది అన్నంత మాత్రాన నిరపాయం కాదు. నారింజ తొక్కల నుంచి తీసే లిమోనీన్ జిడ్డును అద్భుతంగా కరిగిస్తుంది, కానీ గాలికి ఆక్సీకరణ చెందాక కొందరి చర్మానికి ఎలర్జీ తెస్తుంది. పత్రం అడిగితే నీళ్లు నమిలే కాంట్రాక్టరుకు తన సీసాలో ఏముందో తనకే తెలియదని అనుకోవాలి.

అమెరికాలో ఉంటున్నాం. అక్కడ క్లీనర్‌ను ఏమని అడగాలి?

అక్కడి అపార్టుమెంట్లలో గోడ నుంచి గోడ దాకా పరిచేది ఎక్కువగా నైలాన్, పాలిస్టర్ కార్పెట్. పనివారికి ఐఐసీఆర్‌సీ (క్లీనింగ్ పనివారికి ధ్రువపత్రాలిచ్చే సంస్థ) శిక్షణ ధ్రువపత్రం ఉందా అని, వాడే ద్రావణానికి అక్కడి కార్పెట్ తయారీదారుల సంఘమైన కార్పెట్ అండ్ రగ్ ఇన్‌స్టిట్యూట్ వారి సీల్ ఆఫ్ అప్రూవల్ ఉందా అని అడగండి. సొంత ఇల్లయితే కార్పెట్ వారంటీ పత్రం కూడా చదవాలి, కొన్ని తయారీ సంస్థలు నిర్ణీత గడువుల్లో వేడినీటి ఎక్స్‌ట్రాక్షన్ (వేడినీటిని పంపి వెనక్కి పీల్చే పద్ధతి) చేయించి రసీదు దాచుకోవాలని షరతు పెడతాయి.

## పని జరుగుతున్నప్పుడు

ఎక్స్‌ట్రాక్షన్, ఎన్‌క్యాప్సులేషన్, బానెట్, షాంపూ: వీటి ద్రావణాల్లో తేడా ఏమిటి?

పాత షాంపూ పద్ధతిలో నురగ ఎక్కువగా వచ్చే ద్రావణాన్ని గుండ్రటి బ్రష్షు మెషీనుతో రుద్దుతారు. చూడటానికి ఘనంగా ఉంటుంది. కానీ నురగ మురికిని పట్టుకున్నా, ఆ నురగను బయటికి తీసే ఏర్పాటు సరిగా లేకపోతే అది కార్పెట్‌లోనే ఆరి జిగురుగా మిగులుతుంది. మన ఊళ్లలో ఇప్పటికీ ఎక్కువగా జరుగుతున్నది ఇదే, ఎక్కువ ఫిర్యాదులు వచ్చేదీ దీని మీదే.

వేడినీటి ఎక్స్‌ట్రాక్షన్‌లో ముందుగా క్షార ద్రావణం చల్లి, కాసేపు ఆగి, వేడినీటిని ఒత్తిడితో పంపుతూ అదే పరికరంతో వెనక్కి పీలుస్తారు. దీన్ని స్టీమ్ క్లీనింగ్ అంటున్నా, పంపేది ఆవిరి కాదు, వేడినీరే. దీనికి నురగ తక్కువగా వచ్చే లిక్విడ్ కావాలి. నురగ వచ్చేది పోస్తే వెనక్కి వచ్చే నీటి ట్యాంకు పొంగి వాక్యూమ్ మోటారులోకి నీరు చేరుతుంది.

ఎన్‌క్యాప్సులేషన్ ద్రావణంలో సర్ఫాక్టెంటుతో పాటు పాలిమర్ ఉంటుంది. అది మురికి రేణువులను చుట్టి, ఆరాక పెళుసైన పలుకులుగా మారుతుంది, వాటిని మామూలు వాక్యూమ్ క్లీనరుతో లాగేస్తారు. నీరు చాలా తక్కువ కాబట్టి గంటా రెండు గంటల్లో నడవవచ్చు, అందుకే ఆఫీసులకు, విమానాశ్రయాలకు ఇది అనుకూలం. లోతైన మురికిని మాత్రం తీయలేదు.

బానెట్ పద్ధతిలో తడి గుడ్డ చక్రాన్ని పైపైన తిప్పుతారు. హోటల్ వరండాలో సాయంత్రం ఫంక్షన్ ఉండి ఉదయం పిలిస్తే పనికివస్తుంది. ఏడాదికోసారి చేయించే ఇంటి కార్పెట్‌కు నేను సిఫార్సు చేయను, పై మురికిని కొంత తీసి, కొంత అడుగుకు తొక్కుతుంది.

నా ఉద్దేశంలో ఇళ్లకు ఎక్స్‌ట్రాక్షన్, రద్దీ ఉన్న ఆఫీసులకు నెలనెలా ఎన్‌క్యాప్సులేషన్, అప్పుడప్పుడు మధ్యలో ఒక ఎక్స్‌ట్రాక్షన్ సరైన కలయిక.

స్ప్రే చేసి పది నిమిషాలు ఊరికే నిలబడతారు. టైమ్ గడపడానికా?

కాదు, ఆ ఆగడమే పనిలో భాగం. జర్మనీకి చెందిన డిటర్జెంట్ల సంస్థ హెన్కెల్‌లో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ 1959లో శుభ్రం చేయడానికి నాలుగు అంశాలు కలవాలని చూపాడు: రసాయనం, ఉష్ణోగ్రత, రాపిడి, సమయం. ఒకటి తగ్గితే మిగిలినవాటిని పెంచాలి. సమయం ఇస్తే ఘాటు తక్కువైన రసాయనంతోనే పని జరుగుతుంది, పీచుకు రాపిడి తగ్గుతుంది. చల్లిన ద్రావణం మాత్రం ఆరిపోకూడదు. ఆరితే కదిలిన మురికి తిరిగి అతుక్కుంటుంది. వేసవిలో ఫ్యాను కింద పనిచేసేటప్పుడు ఒక్కసారే గదంతా చల్లకుండా భాగాలుగా చేయడం అందుకే.

బోరు నీళ్లతో కలిపితే ఫలితం తగ్గుతుందా?

తగ్గుతుంది. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సర్ఫాక్టెంటులో కొంత భాగాన్ని మురికి జోలికి పోకముందే కట్టిపడేస్తాయి, ఆరాక పీచు మీద తెల్లటి గరుకు పొర మిగులుతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిది, వేరే నీరు లేనప్పుడు 600 వరకు అనుమతి. తెలుగు రాష్ట్రాల్లో అనేక బోర్లు మొదటి హద్దును తేలికగా దాటుతాయి. నీరు కఠినమని లిక్విడ్ ఎక్కువ పోయడం పరిష్కారం కాదు. మునిసిపల్ నీరు గానీ, సాఫ్ట్‌నర్ నుంచి వచ్చిన నీరు గానీ వాడాలి; అది కుదరకపోతే ఆ లవణాలను పట్టి ఉంచే ఈడీటీఏ వంటి చీలేటింగ్ పదార్థం, అయాన్ లేని సర్ఫాక్టెంట్లు ఉన్న లిక్విడ్ ఎంచుకోవాలి.

డోసు కాస్త ఎక్కువ వేస్తే ఇంకా బాగా పోతుంది కదా?

పోదు. సర్ఫాక్టెంటు నీటిలో ఒక స్థాయి దాటాక, అదనంగా వేసినదాని వల్ల శుభ్రపరిచే శక్తి పెద్దగా పెరగదు. కడిగి తీయవలసిన బరువు మాత్రం పెరుగుతుంది. సీసా మీద 1:32 అని ఉంటే ఒక వంతు లిక్విడ్‌కు 32 వంతుల నీరు. 8 లీటర్ల నీటికి 250 మిల్లీలీటర్లు. 'రెండు మూతలు పోయి' అన్న లెక్క మూత మారితే మారిపోతుంది, అందుచేత కొలజాడీ లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి.

కడిగే నీటిలో యాసిడ్ కలుపుతామన్నారు. కార్పెట్ కాలిపోదా?

వారు చెప్పేది సిట్రిక్, ఎసిటిక్ వంటి బలహీన ఆమ్లాలు కలిపిన రిన్స్ గురించి. బాత్రూముల్లో పోసే హైడ్రోక్లోరిక్ యాసిడ్ గురించి కాదు. ముందు చల్లిన క్షారాన్ని ఇది తటస్థం చేస్తుంది, పీచును మెత్తగా ఉంచుతుంది, గోధుమరంగు చారలు రాకుండా చూస్తుంది. ఒక్క హెచ్చరిక మాత్రం కచ్చితంగా గుర్తుంచుకోవాలి: ఏ ఆమ్లమైనా బ్లీచుతో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, బ్లీచు అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ వాయువులు వస్తాయి. తలుపులు మూసిన ఏసీ గదిలో ఇవి ప్రాణాంతకం.

## మరకల దగ్గర

పప్పు ఒలికింది, సబ్బు వేయగానే పసుపు మరక ఎర్రబడింది. కార్పెట్ పాడైనట్టేనా?

పాడవలేదు. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. సబ్బు క్షారమే కాబట్టి అదే జరిగింది. వెంటనే సిట్రిక్ యాసిడ్ పలచటి ద్రావణం గానీ, తెల్ల వెనిగర్‌లో అంతకు అంత నీరు కలిపి గానీ తెల్లగుడ్డతో అద్దితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. అందుకని తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన గుడ్డను అంచు నుంచి మధ్యకు అద్దుతూ పోవాలి, రుద్దకూడదు. గుడ్డ మీదికి పసుపు రావడం ఆగాక మిగిలిన ఛాయకు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. ముందు కనబడని మూలలో రంగు పరీక్ష చేసి వాడాలి. కుర్కుమిన్ వెలుతురుకు నిలవదు కనుక, చిన్న తివాచీ అయితే మరక ఉన్న భాగానికి కాసేపు ఎండ తగలనిచ్చినా ఛాయ తగ్గుతుంది. పాలీప్రొపిలీన్ మీద మరక తేలికగా వదులుతుంది. ఊలు, నూలు మీద పసుపు అద్దకపు రంగుగానే పనిచేస్తుంది కాబట్టి పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

దీపం నూనె ఒలికింది. పెట్రోలు, థిన్నర్ పోయవచ్చా?

వద్దు. నిప్పు ప్రమాదం సరే, ఎక్కువ సాల్వెంట్ అడుగుకు చేరితే కార్పెట్ పీచును వెనక అట్టకు అతికించే లేటెక్స్ జిగురు కరిగి పొరలు ఊడతాయి. ముందు టాల్కమ్ పౌడరు మందంగా చల్లి కొన్ని గంటలు ఉంచి, వాక్యూమ్‌తో తీయాలి. తర్వాత సాల్వెంట్ స్పాటర్‌ను (మరకల మీద వాడే సాల్వెంట్ ద్రావణాన్ని) గుడ్డ మీద వేసుకుని అద్దాలి, నేరుగా కార్పెట్ మీద పోయకూడదు. పాలిస్టర్, పాలీప్రొపిలీన్ పీచులు నూనెను ఇష్టంగా పట్టుకుంటాయి, వాటి మీద ఆలస్యం చేయకూడదు.

కుక్కపిల్ల మూత్రం వాసన షాంపూ చేసినా పోవడం లేదు. ఏం వాడాలి?

తాజా మూత్రం ఎక్కువగా ఆమ్లగుణంతో ఉండి, నిలవయ్యేకొద్దీ బాక్టీరియా వల్ల అమ్మోనియా పుట్టి క్షారంగా మారుతుంది. వాసనకు మూలమైన యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు నీటిలో సరిగా కరగవు, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా మళ్లీ వాసన వేస్తాయి, వానాకాలంలో ఫిర్యాదులు పెరిగేది అందుకే. ఎంజైము, బాక్టీరియా ఉన్న ద్రావణం మూత్రం ఎంత లోతుకు దిగిందో అంత లోతుకు తడిసేలా పోసి, లేబుల్ చెప్పినంతసేపు తడిగా ఉంచాలి. అంతకుముందు బ్లీచు, ఫినాయిల్ వాడి ఉంటే ఎంజైములు పనిచేయవు, ముందు కడిగి తీయాలి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు అసలు వద్దు, ఆ వాసనకు కుక్క మళ్లీ అక్కడికే వస్తుంది.

వెనిగర్, వంటసోడా కలిపి పోస్తే కెమికల్ అవసరం లేదంటారు. నిజమేనా?

బుడగలు రావడం నిజం, శుభ్రం కావడం నిజం కాదు. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి తటస్థం చేసుకుని నీరు, కార్బన్ డయాక్సైడ్, సోడియం ఎసిటేట్ మిగులుతాయి. విడివిడిగా ఉపయోగం ఉంది: పలచని వెనిగర్ టీ మరకలకు, పొడి వంటసోడా తేలికపాటి వాసనలకు. సోడా సన్నని పొడి కాబట్టి వాక్యూమ్ ఫిల్టరును త్వరగా మూసేస్తుంది.

## ఆరిన తర్వాత

శుభ్రం చేయించిన కొద్ది రోజులకే ముందుకంటే నల్లబడింది. ఎందుకు?

మిగిలిపోయిన జిగురు. కడిగి తీయని షాంపూ ఆరి, అడుగు పెట్టినప్పుడల్లా దుమ్మును పట్టుకుంటుంది. ఒక ద్రావణాన్ని ఇంకోదానితో పోల్చడానికి నేను చూసే మొదటి గుణం ఇదే, మురికిని ఎంత తీస్తుందన్నది ఆ తర్వాత. పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు: వాడబోయే లిక్విడ్‌ను వాడే పలచనలోనే గాజు సాసర్‌లో ఒక చెంచా పోసి, దుమ్ము పడకుండా జాలీ మూత పెట్టి, పూర్తిగా ఆరేదాకా ఉంచండి. తర్వాత గోరుతో గీకితే ఎన్‌క్యాప్సులేషన్ ద్రావణం పెళుసు పలుకులుగా లేవాలి, రిన్స్ ద్రావణం దాదాపు ఏమీ మిగల్చకూడదు. వేలికి బంకగా అంటుకుంటే కార్పెట్ మీదా అదే జరుగుతుంది. ఇప్పటికే నల్లబడినదాన్ని మళ్లీ షాంపూ చేయించవద్దు. లిక్విడ్ ఏమీ కలపని వేడినీటితోనో, ఆమ్ల రిన్స్‌తోనో ఎక్స్‌ట్రాక్షన్ చేయిస్తే చాలావరకు బాగుపడుతుంది. ఊలు తివాచీ అయితే వేడినీటికి బదులు గోరువెచ్చని నీరు.

గోధుమరంగు చారలు తేలాయి. రంగు పోయిందా?

ఎక్కువసార్లు రంగు పోయి ఉండదు. వెనక ఉన్న జనపనార లేదా నూలు ఎక్కువ తడిసి, ఘాటైన క్షారం తోడై, నెమ్మదిగా ఆరినప్పుడు వాటిలోని పదార్థాలు నీటితో పాటు పీచు కొసలకు ఎక్కి అక్కడ మిగిలిపోతాయి. సిట్రిక్ యాసిడ్ పలచటి ద్రావణం తేలికగా చల్లి, తెల్లగుడ్డతో అద్ది, ఫ్యాను గాలికి త్వరగా ఆరనిస్తే తగ్గుతాయి. ఎక్స్‌ట్రాక్షన్ చేసిన కార్పెట్ మామూలుగా ఆరు నుంచి పన్నెండు గంటల్లో ఆరుతుంది. వానాకాలంలో ఏసీ డ్రై మోడ్‌లో పెట్టకపోతే అంతకు మించుతుంది.

పాకే పిల్లవాడు ఉన్నాడు. ఎప్పుడు వదలవచ్చు?

చేయి అదిమితే తడి తెలియనంతగా ఆరి, ఒకసారి నిదానంగా వాక్యూమ్ చేసిన తర్వాత. సాల్వెంట్ వాడి ఉంటే వాసన పూర్తిగా పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచాలి.

చివర్లో 'ప్రొటెక్టర్' కొడతామని అదనంగా అడుగుతున్నారు. అవసరమా?

భోజనాల బల్ల కింది లేత రంగు కార్పెట్‌కు కొంత ఉపయోగం, పడకగదికి దండగ. మరకలు అంటకుండా చేసే పాతకాలపు ద్రావణాలు ఫ్లోరిన్ రసాయనాలతో చేసినవి. 3ఎం సంస్థ 2000లో తన స్కాచ్‌గార్డ్ ప్రొటెక్టర్‌లో వాడుతున్న పీఎఫ్ఓఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాల తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది, అవి పర్యావరణంలో విచ్ఛిన్నం కాకుండా నిలిచిపోవడమే కారణం. ఇప్పుడు ఫ్లోరిన్ లేని రకాలూ దొరుకుతున్నాయి. అవి నీటి మరకలను ఆపుతాయి గానీ నూనెను అంతగా ఆపలేవు. డబ్బా లేబుల్ చూపించమనండి. పాలీప్రొపిలీన్ కార్పెట్ అయితే టీ, కాఫీ రంగులు దానికి ఎలాగూ పట్టవు, ప్రొటెక్టర్‌కు డబ్బు ఇవ్వనక్కరలేదు.